లైనక్స్‌లో 'ఆప్ట్ అప్‌డేట్' అసలు ఏం చేస్తుంది? పాత ల్యాప్‌టాప్‌లో తెలుగు సాఫ్ట్‌వేర్ వేసుకునే ముందు ఇది చదవండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అడుగుతుంది, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి. దాంతో బాగానే పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌లు చాలా మూలన పడ్డాయి. వాటికి మళ్లీ ప్రాణం పోయడానికి చాలామంది ఎంచుకుంటున్న దారి లైనక్స్ మింట్ లేదా ఉబుంటు. ఇన్‌స్టాల్ చేయడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ మర్నాడు, ఏదైనా సాఫ్ట్‌వేర్ వేసుకుందామని కూర్చున్నప్పుడు మొదలవుతుంది.

ఉదాహరణకి చింతలపూడిలో ఒక జిరాక్స్ షాపు అనుకుందాం. ఏలూరు జిల్లా, చుట్టూ మామిడి తోటలు. ఏప్రిల్, మే నెలల్లో లారీ లోడింగ్ చీటీలు, కూలీల లెక్కలు, తహసీల్దార్ ఆఫీసుకి అర్జీలు అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్ మీదే నడవాలి. 4 జీబీ ర్యామ్, పాత ప్రాసెసర్. ఎవరో తెలిసిన కుర్రాడు లైనక్స్ మింట్ వేసిచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. తెలుగు టైపింగ్ కోసం ప్యాకేజీ వేయబోతే 'అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్' అని వస్తుంది. ఇంకోదానికి '404 నాట్ ఫౌండ్' అంటుంది. లైనక్స్ పనికిరాదు, మళ్లీ పైరేటెడ్ విండోస్ వేయించేద్దాం అనుకునేది సరిగ్గా ఇక్కడే. నిజానికి ఆ రెండు ఎర్రర్లకీ చాలాసార్లు మందు ఒక్కటే, పట్టే టైము రెండు నిమిషాలు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఇలాంటి సాయం మన దగ్గర ఎక్కువగా ఫోన్లోనే జరుగుతుంది. అటువైపు ఒకరు చెబుతుంటే ఇటువైపు ఇంకొకరు టైప్ చేస్తారు. అందుకే కమాండ్లను ఇక్కడ పలికే తీరులోనే ఇస్తున్నాం. టైప్ చేసేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. 'సుడో' అంటే ఎస్ యు డి ఓ, 'ఆప్ట్' అంటే ఎ పి టి. 'అడ్డగీత' అంటే హైఫన్ గుర్తు. పదానికీ పదానికీ మధ్య స్పేస్ ఉంటుంది, అడ్డగీతకి అటూ ఇటూ మాత్రం ఉండదు.

అప్‌డేట్ అంటే అప్‌డేట్ కాదు!

టెర్మినల్ తెరిచి 'సుడో ఆప్ట్ అప్‌డేట్' అని కొట్టి ఎంటర్ నొక్కండి. పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు టైప్ చేస్తున్నా తెర మీద చుక్కలు గానీ అక్షరాలు గానీ కనిపించకపోవచ్చు. కీబోర్డ్ పాడైందని కంగారు పడకండి, పూర్తిగా టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

ఫోన్లో 'అప్‌డేట్' నొక్కితే యాప్ కొత్త వెర్షన్‌కి మారుతుంది కదా, అందుకని ఇక్కడ కూడా అదే జరుగుతుందని అందరూ అనుకుంటారు. జరగదు. ఈ కమాండ్ మీ కంప్యూటర్‌లోని ఒక్క సాఫ్ట్‌వేర్‌ని కూడా ముట్టుకోదు. ఇది తెచ్చేది జాబితా మాత్రమే. ఉబుంటు సర్వర్‌లో ఇవాళ ఏ ప్యాకేజీలు ఉన్నాయి, ఒక్కోటి ఏ వెర్షన్, ఏ పేరుతో ఏ ఫోల్డర్‌లో ఉంది, దానికి తోడుగా ఇంకేమేం కావాలి అనే పట్టీ. దాన్ని తెచ్చి మీ డిస్కులో దాచుకుంటుంది. ఆ తర్వాత మీరు 'ఇన్‌స్టాల్' అన్నప్పుడల్లా ఆప్ట్ చూసేది సర్వర్‌ని కాదు, ముందు మీ దగ్గరున్న ఆ పట్టీనే.

404 ఎందుకొస్తుందో ఇప్పుడు తేలిపోతుంది. సర్వర్‌లో ఒక ప్యాకేజీకి కొత్త వెర్షన్ వస్తే కొన్నాళ్లకి పాత ఫైల్‌ని అక్కడి నుంచి తీసేస్తారు. మీ పట్టీ నెల కిందటిది అయితే ఆప్ట్ ఆ పాత ఫైల్ పేరు పట్టుకుని వెళ్లి అడుగుతుంది. అక్కడ అది ఉండదు. నిన్నటి రేటు పట్టుకుని ఇవాళ నున్న మార్కెట్‌కి బంగినపల్లి లోడు తీసుకెళ్లినట్టు! సరుకు ఉంది, మార్కెట్టూ ఉంది, మీ చేతిలో లెక్కే పాతది.

'అనేబుల్ టు లొకేట్ ప్యాకేజ్' కథ కొంచెం వేరు. ఇంటర్నెట్ లేకుండా లైనక్స్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే పట్టీ ఇంకా రానే లేదు, కాబట్టి ఏ పేరు అడిగినా తెలియదంటుంది. అప్‌డేట్ కొట్టాక కూడా అదే వస్తుంటే పేరులో అక్షరం తప్పి ఉండాలి, లేదా ఉబుంటులో 'యూనివర్స్' అనే విభాగం ఆపేసి ఉండాలి. తెలుగుకి పనికొచ్చే ప్యాకేజీలు చాలావరకు యూనివర్స్‌లోనే ఉంటాయి. 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్' తెరిచి దాని పక్కన టిక్ ఉందో లేదో చూడండి.

తెర మీద పరిగెత్తే లైన్లను చదవండి

అప్‌డేట్ నడుస్తున్నప్పుడు ప్రతి లైన్ మొదట్లో ఒక చిన్న పదం ఉంటుంది. 'హిట్' అంటే మీ దగ్గరున్నది తాజాదే, మళ్లీ దించక్కర్లేదు. 'గెట్' అంటే కొత్త పట్టీ దిగుతోంది. 'ఇగ్న్' అంటే దాటేసింది, సాధారణంగా పట్టించుకోనక్కర్లేదు. చూడాల్సింది 'ఎర్' వచ్చిన లైన్. ఎందుకంటే ఎర్ వచ్చినా ఆప్ట్ ఆగిపోదు. చివర్లో మెల్లగా ఒక హెచ్చరిక పెడుతుంది: కొన్ని పట్టీలు దిగలేదు, వాటిని వదిలేశాను లేదా పాతవే వాడాను అని. హాట్‌స్పాట్ సిగ్నల్ మధ్యలో పోతే జరిగేది ఇదే. కమాండ్ అయిపోయింది కదా అని ఇన్‌స్టాల్‌కి వెళ్తే మళ్లీ అదే 404. ఫోన్లో సాయం చేసేవాళ్లు 'అప్‌డేట్ అయిందా?' అని కాకుండా 'ఎక్కడైనా ఎర్ అని వచ్చిందా?' అని అడగడం మంచిది.

అంతా బాగుంటే చివర్లో ఇన్ని ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేయొచ్చు అని ఒక అంకె చూపిస్తుంది. నిజంగా సాఫ్ట్‌వేర్‌ని కొత్తది చేసే కమాండ్ వేరే ఉంది: 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్'. డేట్ అంటే పట్టీ, గ్రేడ్ అంటే సరుకు. అలా గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్ ప్రాజెక్టు నుంచి వచ్చింది. 1999 మార్చిలో విడుదలైన డెబియన్ 2.1తో ఆప్ట్ అందరికీ అందింది. ఉబుంటు, దాని మీద కట్టిన మింట్ రెండూ ఆ కుటుంబానివే. తెలుగులో లైనక్స్ తేవాలని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన 'స్వేచ్ఛ' వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్, సీ-డాక్ తయారుచేసిన 'బాస్' కూడా డెబియన్ ఆధారంగా వచ్చినవే. కాబట్టి ఇక్కడి కమాండ్లు వాటిలోనూ పనిచేస్తాయి. ఫెడోరా వాడేవాళ్లకి మాత్రం ఇది వర్తించదు, అక్కడ 'డీఎన్‌ఎఫ్' అనే వేరే సాధనం ఉంటుంది.

ఆ పట్టీని ఎందుకు నమ్మాలి?

మన పాఠకులకి ఏపీకే ఫైళ్ల సంగతి బాగా తెలుసు. ఎవరో టెలిగ్రామ్‌లో పెట్టిన ఏపీకే వేసుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. ఆప్ట్ దీన్ని వేరే పద్ధతిలో పరిష్కరించింది. పట్టీల మీద ఉబుంటు వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. ఆ సంతకాన్ని సరిచూసే తాళంచెవి లైనక్స్ ఇన్‌స్టాల్ చేసినప్పుడే మీ కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. సంతకం ఉన్న పట్టీలో మిగతా పట్టీల హ్యాష్‌లు ఉంటాయి, వాటిలో ఒక్కో ప్యాకేజీ ఫైల్ హ్యాష్ ఉంటుంది. దారిలో ఎవరైనా ఫైల్‌లో ఒక్క అక్షరం మార్చినా హ్యాష్ కుదరదు, ఆప్ట్ ఆ ఫైల్‌ని తీసుకోదు. ఏ దేశంలోని మిర్రర్ సర్వర్ నుంచి దించుకున్నా, ఎవరి హాట్‌స్పాట్ వాడినా భయం లేకపోవడానికి కారణం ఈ గొలుసే.

అందుకే 'నో పబ్‌కీ' లాంటి సంతకం ఎర్రర్ వచ్చినప్పుడు నెట్‌లో దొరికే అడ్డదారి సలహాలు ప్రమాదకరం. సోర్స్ లైన్లో 'ట్రస్టెడ్ ఈక్వల్స్ యెస్' అని రాయమంటారు, లేదా సంతకం లేకపోయినా సరే వేసెయ్యమనే ఆప్షన్ ఇస్తారు. పని జరిగిపోతుంది, కానీ పైన చెప్పిన గొలుసు తెగిపోతుంది. ఈ ఎర్రర్ ఎక్కువగా బయటి రిపాజిటరీలు కలిపినప్పుడే వస్తుంది. జిరాక్స్ షాపు ల్యాప్‌టాప్‌లో జనం ఆధార్ కాపీలు, పాస్‌బుక్ స్కాన్‌లు ఉంటాయి. అలాంటి మెషీన్‌లో పేరూ ఊరూ తెలియని రిపాజిటరీ అసలు పెట్టకూడదు అన్నది మా అభిప్రాయం. ఉబుంటు సొంత జాబితాలో దొరకని సాఫ్ట్‌వేర్ నిజంగా అవసరమా అని ముందు ఆలోచించండి.

తెలుగు కోసం ఏం వేసుకోవాలి

ముందు వెతకడం. 'ఆప్ట్ సెర్చ్ తెలుగు' అని కొడితే (టి ఇ ఎల్ యు జి యు) సంబంధం ఉన్న ప్యాకేజీలన్నీ వస్తాయి. వెతకడానికి సుడో అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే వెతుకుతున్నది మీ దగ్గరున్న పట్టీలోనే.

ఫాంట్లతో మొదలుపెడదాం. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్ అడ్డగీత టెలు అడ్డగీత ఎక్స్‌ట్రా'. ఇక్కడ టెలు అంటే టి ఇ ఎల్ యు, నాలుగు అక్షరాలే. ఇందులో తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఉంటాయి. అర్జీలు, ఉత్తరాలకి పోతన చూడ్డానికి హుందాగా ఉంటుంది. రెండోది 'ఫాంట్స్ అడ్డగీత తెలుగువిజయం', తెలుగువిజయం అంతా కలిపి ఒకే పదంగా. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర, తెనాలి రామకృష్ణ లాంటి పేర్లతో ఉన్న ఫాంట్ల కట్ట ఇది. పెళ్లి పత్రికలు, బ్యానర్లు చేసేవాళ్లకి దీనంత ఉపయోగపడేది ఇంకోటి లేదు, పైగా ఉచితం. 'ఆల్రెడీ ద న్యూయెస్ట్ వెర్షన్' అని వస్తే అది ఎర్రర్ కాదు, మీ దగ్గర ఇప్పటికే ఉందని అర్థం.

టైపింగ్‌కి 'ఐబస్ అడ్డగీత ఎం17ఎన్' వేసుకోండి. ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఉబుంటులో సెట్టింగ్స్‌లోని కీబోర్డ్ విభాగంలో, మింట్‌లో 'ఇన్‌పుట్ మెథడ్' దగ్గర తెలుగు కలుపుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవాళ్లకి అది ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి ఐట్రాన్స్ ఉంది. ఐట్రాన్స్‌కి చిన్న అలవాటు కావాలి. 'చింతలపూడి' రావాలంటే సున్నకి పెద్ద ఎం, 'పూ'లో దీర్ఘానికి పెద్ద యు, 'డ'కి పెద్ద డి కొట్టాలి. చిన్న ఎన్ కొడితే 'చిన్తలపూడి' అవుతుంది. ఫోన్లో గూగుల్ కీబోర్డ్‌లా ఇది మీరేమనుకుంటున్నారో ఊహించదు, కొట్టిందే రాస్తుంది. వారం రోజులు విసుగ్గా ఉంటుంది, తర్వాత ఊహించే కీబోర్డ్ కంటే వేగంగా పడుతుంది.

అచ్చు కాగితం నుంచి తెలుగు అక్షరాలు తీయాలంటే 'టెస్సెరాక్ట్ అడ్డగీత ఓసీఆర్ అడ్డగీత టెల్' అనే ప్యాకేజీ ఉంది. శుభ్రమైన స్కాన్ అయితే దిద్దుకోవడానికి వీలైనంత బాగా వస్తుంది, చేతిరాత మీద ఆశ పెట్టుకోకండి. ఒక్క మాటలో ఇంకో సంగతి కూడా: మీ షాపు పని అంతా అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద నడుస్తుంటే ఈ దారి మీకు సరిపడదు. అవి విండోస్ సాఫ్ట్‌వేర్లు, ఆప్ట్‌లో దొరకవు. ఆ పనికి ఒక విండోస్ మెషీన్ ఉంచుకుని, మిగతావి లైనక్స్‌కి మార్చుకోవచ్చు.

రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో ఎలా?

మొదటిసారి అప్‌డేట్ కొడితే పట్టీలకే కొన్ని పదుల ఎంబీ అవుతుంది. తర్వాతి రోజుల్లో మారినవే దిగుతాయి కాబట్టి తక్కువ. ఫాంట్లు, టైపింగ్ ప్యాకేజీలు పెద్దవి కావు. బరువంతా అప్‌గ్రేడ్‌ది, చాలా రోజులు వదిలేస్తే వందల ఎంబీ దాటుతుంది. ఒక ప్యాకేజీ ఎంత ఉందో ముందే తెలుసుకోవాలంటే 'ఆప్ట్ షో' అని పక్కన దాని పేరు కొట్టండి, 'డౌన్‌లోడ్ సైజ్' దగ్గర కనిపిస్తుంది. పైగా తోడు ప్యాకేజీలు ఎక్కువగా కావాల్సి వస్తే ఆప్ట్ తనే ఆగి ఎంత దించాలో చెప్పి యెస్ ఆర్ నో అని అడుగుతుంది. ఆ అంకె చూడకుండా వై నొక్కేయడం మనకున్న చెడ్డ అలవాటు.

ఏలూరులోనో విజయవాడలోనో వైఫై ఉన్న చోటికి వెళ్లినప్పుడు 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొట్టి, వెంటనే 'సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్' తర్వాత ఒక స్పేస్ ఇచ్చి 'అడ్డగీత డి' కొట్టండి. అన్నీ దిగుతాయి, ఏదీ ఇన్‌స్టాల్ అవ్వదు. ఇంటికొచ్చాక నెట్ లేకుండానే మామూలుగా అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు. మధ్యలో ఇంటి దగ్గర ఇంకోసారి అప్‌డేట్ కొట్టొద్దు, పట్టీ మారిపోతే దించినవాటిలో కొన్ని వృథా అవుతాయి.

ఫ్లాట్‌ప్యాక్ గురించి కూడా అడుగుతుంటారు. మంచి పద్ధతే, కానీ మొదటి యాప్‌తో పాటు దానికి కావాల్సిన రన్‌టైమ్ కూడా దిగుతుంది కాబట్టి చిన్న యాప్‌కి కూడా డేటా బాగా ఖర్చవుతుంది. హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు ఆప్ట్‌లో దొరికేదాన్ని ఆప్ట్‌లోనే తీసుకోండి. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ లాంటివి ఆప్ట్‌లో అడిగినా స్నాప్ రూపంలో వస్తాయని గమనించండి. మింట్‌లో ఆ గోల లేదు, పాత ల్యాప్‌టాప్‌కి మేము మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈనే చెప్పడానికి అదీ ఒక కారణం.

కరెంటు పోతే?

ఎండాకాలం, బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్, అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోయింది. ఇది మన ఊళ్లలో ఊహించదగిన ప్రమాదమే. డౌన్‌లోడ్ దశలో పోతే నష్టమేమీ లేదు, మళ్లీ అదే కమాండ్ కొడితే దిగినంత వరకు వదిలేసి మిగతాది దించుకుంటుంది. ఇన్‌స్టాల్ దశలో పోతే తర్వాత ఏ కమాండ్ కొట్టినా 'డీపీకేజీ వాజ్ ఇంటరప్టెడ్' అంటుంది. అదృష్టవశాత్తూ ఏం చేయాలో ఆ లైన్లోనే రాసి ఉంటుంది: 'సుడో డీపీకేజీ', స్పేస్, రెండు అడ్డగీతలు కలిపి 'కాన్ఫిగర్', స్పేస్, 'అడ్డగీత ఎ'. సగంలో ఆగినవన్నీ పూర్తి చేస్తుంది. ఆ తర్వాత 'సుడో ఆప్ట్', స్పేస్, రెండు అడ్డగీతలు, 'ఫిక్స్ అడ్డగీత బ్రోకెన్', స్పేస్, 'ఇన్‌స్టాల్'. చాలావరకు ఈ రెండింటితో సరిపోతుంది. అయినా కరెంటు కోత టైములు తెలిసిన ఊళ్లో అప్‌గ్రేడ్‌ని ఆ టైముకి పెట్టుకోకపోవడమే తెలివి.

దీనికి దగ్గరి బంధువు ఇంకో ఎర్రర్ ఉంది: 'కుడ్ నాట్ గెట్ లాక్'. చాలా రోజుల తర్వాత ఆన్ చేసిన ఉబుంటు వెనకాల తనంతట తాను సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకుంటూ ఉంటుంది. ఆ టైములో మీరు ఆప్ట్ కొడితే తాళం తన దగ్గరుందని చెబుతుంది. లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లు నెట్ నిండా ఉన్నారు. చేయకండి. రెండు ప్రోగ్రాములు ఒకేసారి ప్యాకేజీల చిట్టాలో రాస్తే అది పాడవుతుంది, అప్పుడు బాగుచేయడం ఫోన్లో చెప్పే పని కాదు. టీ తాగి రండి, అయిపోతుంది.

పాత ల్యాప్‌టాప్‌లకి ప్రత్యేకంగా వచ్చే జబ్బు మాత్రం తేదీది. మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోతే ఆఫ్ చేసిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు అప్‌డేట్ కొడితే రిలీజ్ ఫైల్ 'నాట్ వ్యాలిడ్ యెట్' అంటుంది. మీ కంప్యూటర్ లెక్కలో ఆ సంతకం ఇంకా పుట్టనే లేదు మరి! ఇంటర్నెట్ కలిసిన కాసేపటికి గడియారం తనే సరిపోతుంది, లేదంటే చేత్తో తేదీ మార్చి మళ్లీ కొట్టండి. నాణెం బ్యాటరీ మార్పించుకుంటే ఈ బాధ శాశ్వతంగా తీరుతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో సీఆర్2032 ఉంటుంది, కొన్నింటికి వైరు, కనెక్టర్ ఉన్న రకం కావాలి, కొనేముందు విప్పి చూసుకోవాలి.

ఇవన్నీ చేసినా ప్రతి లైన్‌కీ 404 వస్తుంటే మీ వెర్షన్ గడువు తీరిందేమో చూడండి. ఉబుంటులో ఎల్‌టీఎస్ కాని వెర్షన్లకి 9 నెలలే సపోర్ట్. ఆ తర్వాత వాటి ఫైళ్లను మామూలు సర్వర్ నుంచి పాత విడుదలల సర్వర్‌కి తరలించేస్తారు. ఎల్‌టీఎస్‌కి 5 ఏళ్లు ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 24.04కి, దాని మీద కట్టిన మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మీ దగ్గర ఏది ఉందో 'ఎల్‌ఎస్‌బీ అండర్‌స్కోర్ రిలీజ్', స్పేస్, 'అడ్డగీత ఎ' కొడితే తెలుస్తుంది. గడువు తీరినది కనిపిస్తే సర్వర్ అడ్రసు మార్చి నెట్టుకురావడానికి చూడకండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని కొత్త ఎల్‌టీఎస్ వేసుకోండి, మామిడి సీజన్ మొదలవ్వకముందే.